పిల్లల మీద హింసను ఆపడానికి మన కుర్రకారు ఏం చేయొచ్చు: రాయగడ నుంచి బరంపురం దాకా

ఇది పదహారు నుంచి పాతికేళ్ల మధ్య ఉన్నవాళ్ల కోసం. ముఖ్యంగా ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, కాశీనగర్, బరంపురం, గోపాలపూర్ వైపు ఉంటూ ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సంతలో రెండూ కలిపి మాట్లాడేవాళ్ల కోసం.

పిల్లలకు ఏదైనా చెడు జరిగితే ముందు అమ్మకో టీచరుకో చెప్తారని అనుకుంటాం. చాలాసార్లు అలా జరగదు. పక్కింటి అక్కకు చెప్తారు, ట్యూషన్ చెప్పే అన్నకు చెప్తారు, క్రికెట్ ఆడించే సీనియర్‌కు చెప్తారు. అంటే మీకే. ఆ తర్వాత మన ఊళ్లలో ఏం జరుగుతుందో చూడండి: అక్క అమ్మకు చెప్తుంది, అమ్మ బిడ్డను మళ్లీ అడుగుతుంది, మేనమామ వచ్చి మళ్లీ అడుగుతాడు, వార్డు మెంబరు ఒడియాలో అడుగుతాడు, థానాలో ఇంకోసారి అడుగుతారు. అప్పటికి ఆ బిడ్డ అదే మాట ఐదారుసార్లు, రెండు భాషల్లో, మగాళ్ల మధ్య నిలబడి చెప్పి ఉంటుంది. ఒక్కోసారి ఒక్కోలా చెప్తుంది, ఎందుకంటే భయం వేస్తుంది, సిగ్గేస్తుంది, అలిసిపోతుంది. చివరికి కోర్టులో ఆ తేడాలే పట్టుకుని అబద్ధం అంటారు.

అందుకే నా మాట ఒక్కటే. బిడ్డ ఆ సంగతి వీలైనన్ని తక్కువసార్లు చెప్పేలా, చెప్పాల్సిన చోటే చెప్పేలా చూడటం మీ పని. విచారణ మీ పని కాదు, తీర్పు అసలే కాదు. కింద రాసినవన్నీ దానికోసమే.

ముందు కొన్ని సంగతులు తెలుసుకోండి

2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడి ఒక అధ్యయనం విడుదల చేసింది. అందులో 53 శాతం మంది ఏదో ఒక రకం లైంగిక వేధింపు ఎదుర్కొన్నామని చెప్పారు, అలా చెప్పినవాళ్లలో సగానికి పైగా అబ్బాయిలే. మగపిల్లాడికి ఏమవుతుందిలే అని వదిలేసే అలవాటు మనది, దాన్ని ఇక్కడే వదిలించుకోవాలి. చేసినవాళ్లలో చాలామంది బిడ్డకు బాగా తెలిసినవాళ్లు, బిడ్డ నమ్మినవాళ్లు. కాబట్టి ముక్కూ మొహం తెలియనివాళ్లతో జాగ్రత్త అని మాత్రమే పిల్లలకు చెప్తే సగం చెప్పినట్టే.

చట్టం విషయానికొస్తే, పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం 2012 నవంబరు 14 నుంచి అమల్లో ఉంది. 18 ఏళ్లు నిండని ఎవరైనా, అబ్బాయైనా అమ్మాయైనా, దాని కిందకు వస్తారు. నేరం జరిగిందని తెలిసినా, జరగబోతోందని అనుమానం వచ్చినా పోలీసులకు చెప్పి తీరాలని 19వ సెక్షన్ అంటుంది. పెద్దవాళ్లు తెలిసి కూడా చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు లేదా జరిమానా, లేదా రెండూ. 18 లోపు వాళ్లకు ఈ శిక్ష లేదు. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ల మీద తర్వాత కేసులు పెట్టడానికి వీల్లేదని కూడా అదే సెక్షన్‌లో ఉంది. "మనకెందుకురా లేనిపోని టెన్షన్" అనే స్నేహితుడికి ఈ రెండూ కలిపి చెప్పండి.

హింస అంటే లైంగికమైనదే కాదు. బెల్టుతో కొట్టడం, అన్నం పెట్టకుండా గదిలో వేయడం, బడి మాన్పించి పనికి పంపడం, రోజూ నలుగురిలో అవమానించడం, పట్టించుకోకుండా వదిలేయడం అన్నీ ఇందులోకే వస్తాయి. బడిలో కొట్టడాన్ని 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. దెబ్బకు దెయ్యం వదులుతుందని పెద్దలు ఇప్పటికీ అంటుంటారు, కానీ వదిలిపోయేది చదువు మీద ఇష్టం, ఇంటి మీద నమ్మకం.

మీలో మీరు ఎలా మొదలుపెట్టాలి

పెద్ద సంఘం, బ్యానరు, రిజిస్ట్రేషన్ ఏమీ అక్కర్లేదు. నలుగురైదుగురు చాలు, అందులో సగం మంది అమ్మాయిలు ఉండాలి. తెలుగు, ఒడియా రెండూ చదవగలిగినవాళ్లు ఒకరిద్దరు ఉండేలా చూసుకోండి. గిరిజన భాషలైన సవర, కుయి మాట్లాడేవాళ్లు కలిస్తే మరీ మంచిది, ఎందుకంటే మన సంతల్లో, హాస్టళ్లలో అందరికంటే దిక్కులేకుండా ఉండేది ఆ పిల్లలే. కాలేజీలో ఎన్ఎస్ఎస్ ఉంటే ఆ ప్రోగ్రాం ఆఫీసరుతో, ఊళ్లో అంగన్‌వాడీ దిదీతో ముందే మాట్లాడి పెట్టుకోండి. ఒడిశాలో 2020 నుంచి అద్విక పేరుతో అంగన్‌వాడీల్లో శనివారాలు ఆడపిల్లల సమావేశాలు పెడుతున్నారు. అక్కడికి వెళ్లి సాయం చేస్తామంటే తలుపు సులువుగా తెరుచుకుంటుంది.

మొదటి నియమాలు మీ మీద మీరు పెట్టుకోవాలి, వీటిలో మినహాయింపులు వద్దు. మూసిన గదిలో ఏ బిడ్డతోనూ ఒంటరిగా ఉండకూడదు. పదిమందికీ కనిపించే అరుగు మీదో, గుడి మండపంలోనో, బడి వరండాలోనో కూర్చోండి. పిల్లలకు విడిగా, రహస్యంగా కానుకలు, రీఛార్జులు ఇవ్వకూడదు. ఫొటోలు తీసి స్టేటస్ పెట్టకూడదు. రాత్రి పూట పిల్లలతో విడిగా చాటింగ్ చేయకూడదు. ఎవరైనా కొత్త వాలంటీరు ఈ నియమాలు విని మొహం చిట్లిస్తే అతన్ని పిల్లల దగ్గరకు రానివ్వకండి. పిల్లలకు హాని చేయాలనుకునేవాడు వాళ్లకు దగ్గరయ్యే పనులే వెతుక్కుంటాడు, మీ గుంపు కూడా అతనికి ఒక దారే.

చిన్నపిల్లలతో చేయించడానికి ఐదు వేళ్ల ఆట ఉంది. ఒక్కో వేలికి, నాకేదైనా అయితే నేను చెప్పుకోగలిగే మనిషి అంటూ ఒక్కో పేరు పెట్టాలి. బరంపురం దగ్గర ఒక ఊళ్లో రెండో తరగతి పాప బొటనవేలికి అమ్మ, చూపుడు వేలికి నానమ్మ అని చెప్పి అక్కడే ఆగిపోయింది. నాన్న సూరత్‌లో మగ్గాల పని, మామయ్యల మాట తీసుకురాలేదు, టీచరు పేరు చెప్పమంటే తల అడ్డంగా ఊపింది. పక్కనున్న ఇంటర్ చదివే అమ్మాయి తన పేరు చెప్పబోతే ఆపాను. పేరు పిల్ల నోటి నుంచే రావాలి. మూడు వారాలో నాలుగు వారాలో పట్టనివ్వండి. ఇంటి బయట మనిషి ఒకరైనా అందులో ఉండాలి, ఎందుకంటే హాని ఇంట్లోంచే వస్తే ఇంట్లో పేర్లు పనికిరావు.

శరీరం గురించి చెప్పేటప్పుడు మెలికలు తిప్పకండి. ఒంట్లో ఏ భాగాలు ఎవరూ తాకకూడదో, డాక్టరు చూసేటప్పుడు కూడా అమ్మ పక్కన ఉండాలని, ముట్టుకుని "ఎవరికీ చెప్పకు" అని ఎవరన్నా సరే వెంటనే చెప్పేయాలని నేరుగా చెప్పండి. అరవడం, పారిపోవడం నేర్పండి, కానీ అరవలేకపోయినా తప్పు నీది కాదు అనే మాట తప్పకుండా కలపండి. భయంతో బిగుసుకుపోయిన పిల్లలు తర్వాత తమనే తిట్టుకుంటారు.

ఏం గమనించాలి

ఉన్నట్టుండి పక్క తడపడం, ఒక మనిషి వస్తే మంచం కింద దూరడం, ఇష్టంగా వెళ్లే ట్యూషన్‌కు వెళ్లనని ఏడవడం, చెవి మీద, వీపు మీద, తొడల మీద దెబ్బలు, వయసుకు మించిన మాటలు, ఎవరిచ్చారో చెప్పని కొత్త ఫోను. వీటిలో ఒక్కటి కనిపించినంత మాత్రాన నిర్ధారణకు వచ్చేయకండి. రెండు మూడు కలిసి కనిపిస్తే, అవి కొన్నాళ్లుగా సాగుతుంటే దగ్గరగా ఉండండి. దసరా దాటాక తల్లిదండ్రులు ఇటుక బట్టీల పనికి వెళ్లిపోయి, పిల్లలు బంధువుల ఇంట్లోనో హాస్టల్లోనో మిగిలే నెలలు మరీ జాగ్రత్తగా చూడాల్సినవి.

బిడ్డ చెప్పడం మొదలుపెడితే

ఇది అన్నిటికంటే ముఖ్యం, ఇక్కడ తొందరపడొద్దు. చేతిలో ఫోన్ పక్కన పెట్టండి. నలుగురికీ కనిపించే చోటే, కానీ మాట వినపడనంత దూరంలో, బిడ్డ ఎత్తుకు కిందకు కూర్చోండి. బిడ్డ ఏ భాషలో చెప్తే ఆ భాషలోనే వినండి. మధ్యలో అందుకోకండి. "అయ్యో దేవుడా", "వాడా?" అని మొహం మార్చారంటే బిడ్డ అక్కడితో ఆపేస్తుంది.

మామూలుగా బిడ్డ ముందే అడిగేది ఇది: "అక్కా, ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యి." ఒట్టు వేయకండి. "ఒట్టు వెయ్యలేనమ్మా. నిన్ను కాపాడేవాళ్లకు మాత్రం చెప్తాను. ఎవరికి చెప్తున్నానో ముందు నీకే చెప్తాను" అనండి. చాలామంది పిల్లలు ఆ మాట విన్నాక కాసేపు ఆగి మళ్లీ మొదలుపెడతారు. మొదలుపెట్టకపోతే బలవంతం వద్దు, రేపు కూడా ఇక్కడే ఉంటానని చెప్పి, చెప్పినట్టే ఉండండి.

అడగాల్సినవి చాలా తక్కువ. "ఏమైంది?", "తర్వాత?", "ఇప్పుడు ఇంటికి వెళ్లడానికి భయంగా ఉందా?" అంతే. "మీ బాబాయే కదా?", "ఇక్కడ ముట్టుకున్నాడా?" లాంటి ప్రశ్నలు జవాబును బిడ్డ నోట్లో పెట్టేస్తాయి, రేపు కేసు అక్కడే కూలిపోతుంది. "అప్పుడే ఎందుకు చెప్పలేదు?", "నువ్వు అక్కడికి ఎందుకెళ్లావు?" అని మాత్రం పొరపాటున కూడా అడగొద్దు. చివర్లో మూడు మాటలు చెప్పండి: నువ్వు చెప్పింది నమ్ముతున్నాను, తప్పు నీది కాదు, చెప్పి మంచి పని చేశావు.

బిడ్డ వెళ్లాక నోట్‌బుక్‌లో తేదీ, సమయం, చోటు రాసి, బిడ్డ వాడిన మాటలు వాడినట్టే, ఆ భాషలోనే రాయండి. మీకు నీటుగా అనిపించేలా మార్చకండి, ఇంకో భాషలోకి మీరే మార్చి రాయకండి. మీ అనుమానాలు, కోపం అందులో వద్దు. వీడియో తీయకండి, ఆడియో రికార్డు చేయకండి, గ్రూపులో ఒక్క ముక్క పెట్టకండి. మీ గుంపులో అందరికీ తెలియాల్సిన పనీ లేదు, ఇద్దరికి తెలిస్తే చాలు.

ఎవరికి, ఎలా చెప్పాలి

1098 చైల్డ్‌లైన్, అంటే పిల్లల సాయం కోసం ఉండే ఫోన్ నంబరు. 1996లో ముంబైలో మొదలైంది, 2023 నుంచి ప్రభుత్వమే నడుపుతూ అత్యవసర నంబరు 112తో కలిపింది. రోజంతా పనిచేస్తుంది, డబ్బులు పడవు. మన దగ్గర ఒక చిక్కు ఉంది: పాతపట్నం టవరో కూనేరు టవరో పట్టే ఊళ్లు చాలా ఉన్నాయి, చాలామంది సిమ్‌లు కూడా ఆంధ్రావే. అందుకని ఎవరు ఎత్తినా మొదటి మాటగా రాష్ట్రం, జిల్లా, బ్లాకు, ఊరు పేర్లు చెప్పండి. ఆ తర్వాత బిడ్డ వయసు, బిడ్డ మాట్లాడే భాష, ఇప్పుడు బిడ్డ ఎక్కడుంది, హాని చేసిన మనిషి అదే ఇంట్లో ఉన్నాడా అన్నది చెప్పండి. ఆ క్షణమే ప్రమాదం ఉంటే 112.

థానాకు వెళ్లాల్సి వస్తే ఈ హక్కులు కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకోండి. బిడ్డకు అర్థం కాని భాషలో వాంగ్మూలం రాస్తుంటే అనువాదకుణ్ణి ఇవ్వాలని పోక్సో చట్టంలోనే ఉంది. బిడ్డ వాంగ్మూలం ఇంటి దగ్గరో, బిడ్డ కోరిన చోటో తీసుకోవాలి, వీలైనంత వరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారే తీసుకోవాలి, యూనిఫాంలో ఉండకూడదు. బిడ్డను రాత్రిపూట స్టేషన్‌లో ఉంచకూడదు. బిడ్డ నమ్మే మనిషి పక్కన ఉండొచ్చు. "నీకు రెండూ వచ్చు కదా, నువ్వే చెప్పెయ్" అని మిమ్మల్ని అనువాదానికి కూర్చోబెట్టబోతే మర్యాదగా వద్దనండి. బిడ్డ మొదట చెప్పింది మీకే కాబట్టి రేపు మీరు సాక్షి కావచ్చు, ఆ రెండు పాత్రలూ కలవకూడదు.

ఇంకో మాట, ఇది సరిహద్దు ఊళ్లలో బాగా పనికొస్తుంది. నేరం ఒడిశా వైపు జరిగి బిడ్డ ఇప్పుడు ఆంధ్రా వైపు పలాసలో అమ్మమ్మ ఇంట్లో ఉంటే, "మా పరిధి కాదు, అక్కడికే వెళ్లండి" అని తిప్పి పంపడానికి వీల్లేదు. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు. జీరో ఎఫ్ఐఆర్ అంటారు, ఆ పేరుతోనే అడగండి.

దాడి ఈ రెండు మూడు రోజుల్లో జరిగి ఉంటే ఆసుపత్రి ముందు, మిగతావి తర్వాత. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులు 72 గంటలలోపే మొదలుపెట్టాలి, ఎంత తొందరగా అయితే అంత మంచిది. కాగితాలు తెమ్మని, ముందు కేసు పెట్టమని చికిత్స ఆపకూడదు. వీలైతే స్నానం చేయించకుండా తీసుకెళ్లండి, వేసుకున్న బట్టలు ఉతక్కుండా కాగితంలో చుట్టి పెట్టండి, ప్లాస్టిక్ కవర్ వద్దు. ఆడపిల్లను మహిళా డాక్టరే పరీక్షించాలి.

పోలీసులు 24 గంటల్లో జిల్లా బాలల సంక్షేమ కమిటీకి, అంటే సీడబ్ల్యూసీకి తెలపాలి. ఇల్లే సురక్షితం కాకపోతే బిడ్డ ఎక్కడ ఉండాలో తేల్చేది వాళ్లే. కేసు పొడవునా తోడుండే సపోర్ట్ పర్సన్‌ను, తిండికి, ప్రయాణానికి తక్షణ సాయాన్ని కూడా అక్కడే అడగండి. అడగకపోతే చాలామందికి అవి ఉన్నాయనే తెలియదు.

ఊరు మీ మీదకు వస్తే

వస్తుంది. "పరువు పోతుంది, పెద్దమనుషుల్లో తేల్చుకుందాం, ఇంత డబ్బు ఇప్పిస్తాం", ఇంకా ఘోరంగా "వాడికే ఇచ్చి పెళ్లి చేసేద్దాం". పోక్సో కేసులో పెద్దమనుషులు కుదిర్చే రాజీకి చట్టంలో చోటు లేదు. మీరు వాళ్లతో వాదనకు దిగకండి. "ఇది చెప్పకపోతే మనందరి మీదా కేసవుతుందట బాబూ" అని 19వ సెక్షన్ మీదకు నెట్టేయండి, నా అనుభవంలో పెద్దవాళ్లు మన నీతులకంటే ఆ మాటకే ఎక్కువ ఆగుతారు.

మీ స్నేహితులు కర్రలు పట్టుకుని వాడి ఇంటికి బయల్దేరితే అడ్డం నిలబడండి. ఆ కోపం నాకు అర్థమవుతుంది. కానీ వాణ్ణి కొడితే తెల్లారేసరికి సరిహద్దు దాటేస్తాడు, ఊరంతా బిడ్డ పేరు తెలిసిపోతుంది, కేసు మీ మీద పడుతుంది. బిడ్డ పేరు, ఫొటో, బడి, ఇల్లు ఏవీ బయటకు రాకూడదని పోక్సో 23వ సెక్షన్ చెప్తుంది, వాట్సాప్‌లో "న్యాయం కావాలి" పోస్టు పెట్టినా అంతే జాగ్రత్త ఉండాలి.

పెళ్లిళ్లు, ఫోన్లు

2022 జనవరిలో గంజాం జిల్లా తనను బాల్యవివాహాలు లేని జిల్లాగా ప్రకటించుకుంది, ఒడిశాలో అదే మొదటిది. అయినా మేనరికమని, మంచి సంబంధమని పదిహేనేళ్ల పిల్లకు పెళ్లి పెట్టుకుని, ఇక్కడ గొడవవుతుందని అవతలి రాష్ట్రంలో గుడికి తీసుకెళ్లేవాళ్లు ఉన్నారు. అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండాలి. మీకు సంగతి తెలిస్తే ముహూర్తం దాకా ఆగకండి. బ్లాకులో ఉండే శిశు అభివృద్ధి పథకం అధికారికి, అంటే సీడీపీఓకు, థానాకు, 1098కి చెప్పి, పెళ్లి జరగబోయే వైపు కూడా చెప్పండి. ముందే తెలిస్తే కోర్టు ఆపించగలదు. ఆ అమ్మాయిని మాత్రం మధ్యలోకి లాగకండి, ఎవరు చెప్పారో ఇంట్లో తెలిస్తే దెబ్బలు తినేది తనే.

ఫోన్ విషయంలో మీకే ఎక్కువ తెలుసు కాబట్టి తక్కువ రాస్తాను. ఎవరైనా పిల్లల ఫొటో పెట్టుకుని బెదిరిస్తుంటే డబ్బు ఇవ్వొద్దు, చాట్ డిలీట్ చేయొద్దు, ఐడీ, నంబరు, తేదీ రాసుకుని 1930కి ఫోన్ చేయండి లేదా కేంద్రం సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. పిల్లల అశ్లీల వీడియో గ్రూపులోకి వస్తే సాక్ష్యం కోసమని కూడా ఫార్వర్డ్ చేయకండి. అలాంటివి చూడటం, దాచుకోవడం కూడా నేరమేనని 2024 సెప్టెంబరు 23న సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

ఫిర్యాదు ఇచ్చాక

ఇక్కడితో చాలామంది చేతులు దులుపుకుంటారు, బిడ్డకు అసలు తోడు కావాల్సింది ఇప్పుడే. విచారణ వీలైనంత వరకు ఏడాదిలో ముగించాలని చట్టం అంటుంది, అది ఆలస్యమైనా మీరు మాత్రం మాయమైపోకండి. బడికి వెళ్లే దారిలో కలిసి నడవండి, ఆటలో ఎప్పటిలాగే పిలవండి. కేసు గురించి మీరుగా ఎత్తకండి, బిడ్డ ఎత్తితే వినండి. వాయిదా రోజున అమ్మకు కూలి పోతుంది, చిన్న తమ్ముణ్ణి చూసుకునేవాళ్లు ఉండరు. ఆ రోజు ఆ ఇంట్లో పొయ్యి వెలిగేలా చూడటం, తమ్ముణ్ణి బడికి తీసుకెళ్లి తీసుకురావడం మీ నలుగురూ పంచుకోవచ్చు. వకీలు ఖర్చు గురించి భయపడితే 15100కి ఫోన్ చేయించండి, ఉచిత న్యాయ సహాయం అక్కడ దొరుకుతుంది.

ఇదంతా విన్నాక మీకూ నిద్ర పట్టకపోవచ్చు. మీ చిన్నప్పటిదేదో గుర్తుకు రావచ్చు కూడా. అప్పుడు 14416కు ఫోన్ చేయండి, అది టెలి మానస్, మనసు బాగోలేనప్పుడు మాట్లాడే ప్రభుత్వ హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడొచ్చు. కొన్నాళ్లు మీ స్థానంలో గుంపులో ఇంకొకరిని ఉండమనండి.

ఈ వారం చేయాల్సింది: 1098, 112, 1930, మీ థానా నంబరు, సీడీపీఓ ఆఫీసు నంబరు, సీడబ్ల్యూసీ ఆఫీసు ఎక్కడుందో ఒక కాగితం మీద తెలుగు, ఒడియా రెండింట్లో రాసి అంగన్‌వాడీ గోడకు, రేషన్ షాపు దగ్గర, హాస్టల్ మెస్‌లో, ఆటో స్టాండులో అతికించండి. పిల్లల కళ్లకు అందే ఎత్తులో.